అసలు నక్షా ఏది? మోజంజాహీ మార్కెట్టూ, నయా ఖిల్లా గోల్ఫ్ మైదానమూ



ఉస్మాన్‌గంజ్‌లో మా అబ్బా ఒక హోల్‌సేల్ దుకాణంలో మున్షీగా పనిచేసేవారు. బెల్లం, మిరప, పసుపు, చింతపండు. మగ్రిబ్ తర్వాత ఇంటికొచ్చి కమీజ్ విప్పితే ఇల్లంతా పసుపు కొమ్ముల వాసన. నెలకోసారి, తన్‌ఖా చేతికొచ్చిన రోజున, మమ్మల్ని గంజ్ దగ్గరికి రమ్మని చెప్పి, అక్కణ్ణుంచి నడిపించుకుంటూ మోజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్ళేవారు. లోపలి సెహన్‌లో కుర్చీల మీద కూర్చుని సీతాఫల్ ఐస్‌క్రీమ్ తినడం. మా బచ్‌పన్‌లో అంతకు మించిన దావత్ లేదు. తలెత్తితే మినార్ మీద పెద్ద గడియారం ఉండేది గానీ, అది చూపించే టైమ్‌ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అబ్బా తన చేతి గడీ చూసుకునేవారు.

ఈ మార్కెట్ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయించింది మాత్రం అమెరికాలో ఉన్న మా ఖాలా కొడుకు. నార్త్ కరోలినాలో ఉద్యోగం. మొన్న ఫోన్‌లో మాటల మధ్య, "భాయ్, మా దగ్గర ఒక పాత గోల్ఫ్ మైదానం ఉంది, దాన్ని మళ్ళీ పాత నక్షా ప్రకారం మార్చేశారు, చూస్తే మతి పోతుంది" అన్నాడు. గోల్ఫ్ ఆడేవాళ్ళ తలనొప్పులు మనకెందుకులే అని మొదట నవ్వాను. వాడు మొత్తం కిస్సా చెప్పాక నవ్వు ఆగిపోయింది. మన మోజంజాహీ మార్కెట్‌కి చేసిన పనీ అదే కదా? ఇంకా ముందుకెళ్తే, మన హైదరాబాద్‌లోనే ఒక గోల్ఫ్ మైదానం ఉంది, గోల్కొండ కోట గోడల లోపల. దాని విషయంలో "అసలు నక్షా" అనే మాట ఎత్తితే కథ పూర్తిగా తిరగబడుతుంది.

ముందు మన మార్కెట్ సంగతి.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన తుగ్యానీ గురించి ప్రతి హైదరాబాదీ ఖాందాన్‌లో ఏదో ఒక రివాయత్ ఉంటుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న వాళ్ళ కథ మీరూ వినే ఉంటారు. ఆ ఆఫత్ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అంత మషూర్ కాని ఇంకో ఫలితం కూడా ఉంది. 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డ్. ఇరుకు గల్లీలు వెడల్పు చేయడం, తేమ పట్టిన బస్తీలు తీసేసి గాలి వెలుతురు వచ్చే ఇళ్ళు కట్టడం, బజార్లకు ఒక తర్తీబ్ తేవడం దాని పని. పత్తర్‌గట్టీ మెహ్రాబ్‌ల వరుస ఆ బోర్డ్ చలవే. మన మోజంజాహీ మార్కెట్ కూడా.

1933లో తామీర్ మొదలై 1935లో పూర్తయింది. మొత్తం పత్తర్ కట్టడం, గ్రానైట్. ఆ ప్రాంతపు బండల్లోంచి పుట్టినట్టే ఉంటుంది. రోడ్లు కలిసే మూల కాబట్టి ఇమారత్ కూడా ముక్కోణంగా సాగింది. కొస దగ్గర గడియారం మినార్, రెండు వైపులా రెక్కల్లా దుకాణాలు, వాటికి మెహ్రాబ్‌లు, మధ్యలో ఖాళీ సెహన్. గుర్రబ్బండి వాడైనా, కాలినడకన వచ్చేవాడైనా ఏ దిక్కు నుంచి వచ్చినా ముందు కనిపించేది ఆ గడియారమే. అప్పట్లో అందరి చేతులకూ గడీలు ఉండేవి కావు మరి.

పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడు మొఅజ్జమ్ జాహ్‌ది. ఆయన ఆ బోర్డ్‌కి సదర్. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఉస్మానీ ఖాందాన్ షెహజాదీ నీలోఫర్‌తో ఆయన నికా అయింది. మన నీలోఫర్ దవాఖానా పేరు ఆమెదే. షెహజాదా షాయిర్ కూడా, తఖల్లుస్ "షజీ". హిల్ ఫోర్ట్‌లో ఆయన దర్బార్ రాత్రి మొదలైతే తెల్లవారేదాకా నడిచేదట. ఫానీ బదాయూనీ అంతటి షాయిర్ ఆ మెహ్‌ఫిల్‌లో కూర్చున్నాడు. ఆ దర్బార్‌లో ఉన్న సిద్ఖ్ జాయసీ తన యాదోఁలను "దర్బార్-ఎ-దుర్‌బార్" అనే కితాబ్‌గా రాశాడు. నరేంద్ర లూథర్ సాహెబ్ దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. రాత్రిని పగలుగా, పగటిని రాత్రిగా గడిపిన మనిషి పేరు ఊరందరికీ టైమ్ చూపించే గడియారం కింద ఉండటం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఆ హిల్ ఫోర్ట్ తర్వాత రిట్జ్ హోటల్ అయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పాడుబడిపోయింది.

మార్కెట్ మొదట పళ్ళకు మషూర్. ఎండాకాలం మామిడి వస్తే వాసన నాంపల్లి దాకా వెళ్ళేదని అబ్బా అనేవారు. కొంచెం ముబాలగా ఉండొచ్చు. 1980లలో పళ్ళ మార్కెట్‌ను కొత్తపేటకు తరలించారు. ఈ మధ్య అక్కణ్ణుంచి కూడా తీసి బాటసింగారం పంపారు. పక్కనే జాంబాగ్‌లో పూల మార్కెట్ ఉండేది, 2009లో అది గుడిమల్కాపూర్ వెళ్ళిపోయింది. మిగిలింది ఐస్‌క్రీమ్ దుకాణాలు, అత్తర్ వాళ్ళు, మేవా, గోష్త్, హుక్కా సామాను. ఎదురుగా రోడ్డుకు అవతల కరాచీ బేకరీ. తఖ్సీమ్ తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొదలుపెట్టింది. అంటే నిజాం కట్టించిన చౌరస్తాలో పాకిస్తాన్ వదిలి వచ్చిన హిందూ సింధీ తన పాత ఊరి పేరుతో బిస్కెట్లు అమ్మాడు. హైదరాబాద్ ఏంటో ఎవరికైనా చెప్పాలంటే నేను ఈ చౌరస్తానే చూపిస్తాను. ఆబిడ్స్ పేరు కూడా అంతే. ఆరో నిజాం దగ్గర ఖిద్మత్ చేసి తర్వాత దుకాణం పెట్టుకున్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ పేరది.

పళ్ళు పోయాక, పూలు పోయాక, ఇమారత్‌ని చూసేవాళ్ళు తగ్గారు. గోడల మీద సున్నం, దాని మీద పెయింటు, దాని మీద ఇంకో రంగు. రేకుల షెడ్లు, కేబుల్ తీగలు, ఏసీ డబ్బాలు, ఎవరి ఇష్టం వచ్చిన సైజులో వాళ్ళ బోర్డులు. పైకప్పు మీద పొర మీద పొర వేసుకుంటూ పోయారు, అయినా వాన నీరు కారేది. పత్తర్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. నా తరం వాళ్ళలో చాలామందికి అది గ్రానైట్ ఇమారత్ అన్న సంగతే తెలియదు. నాకూ తెలియదు. పెచ్చులూడిన పాత మార్కెట్, అంతే.

2018లో మరమ్మత్ మొదలైంది. మునిసిపల్ శాఖ పెద్ద ఆఫీసర్ ఒకరు దాన్ని తన సొంత పనిలా మీద వేసుకుని దగ్గరుండి చూసుకున్నారు. 2020 ఆగస్టులో అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. ఖర్చు దాదాపు 15 కోట్లని చెప్పారు. రేకులు పోయాయి, తీగలు పోయాయి, రంగుల పొరలు గీకితే పత్తర్ బయటపడింది. దుకాణాల తలుపులు, బోర్డులు ఒకే తీరుకు వచ్చాయి. గడియారం నడిచింది. రాత్రిపూట దీపాల వెలుగులో చూస్తే, సుభానల్లాహ్, అబద్ధం చెప్పను, కళ్ళు చెమర్చాయి. అబ్బా ఉంటే బాగుండేది అనిపించింది.

ఇప్పుడు మా ఖాలా కొడుకు చెప్పిన గోల్ఫ్ కిస్సా.

నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ అనే ఊళ్ళో "నంబర్ టూ" అని పిలిచే గోల్ఫ్ మైదానం ఉంది. 1907లో డోనాల్డ్ రాస్ అనే స్కాట్లాండ్ మనిషి తయారు చేశాడు. 1948లో చనిపోయేదాకా అక్కడే ఉండి దాన్ని చెక్కుతూనే ఉన్నాడు. అది ఇసుక నేల. రాస్ దాన్ని ఇసుకగానే ఉంచాడు. బంతి దారి తప్పితే ఇసుకలో, గడ్డి దుబ్బుల్లో, పైన్ చెట్ల రాలిన ఆకుల్లో పడేది. తర్వాత వచ్చిన వాళ్ళకు టీవీలో పచ్చగా కనిపించాలనే షౌక్ పట్టుకుంది. ఎకరాలకు ఎకరాలు పచ్చగడ్డి పరిచారు, నీళ్ళు చిమ్మే గొట్టాలు వందల కొద్దీ పెట్టారు. మైదానం అందంగానే ఉంది. అయితే అలాంటివి అమెరికాలో వెయ్యి ఉంటాయి. రాస్ చేసింది మాత్రం కనిపించకుండా పోయింది.

2010లో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అనే ఇద్దరికి ఆ పని అప్పగించారు. వాళ్ళు ముందు చేసింది సుబూత్ వెతకడం. 1943లో విమానం నుంచి తీసిన ఫోటోలు దొరికాయి. ఫెయిర్‌వే, అంటే బంతి వెళ్ళాల్సిన గడ్డి దారి, ఎక్కడ వంపు తిరిగేదో, ఎంత వెడల్పో వాటిలో కనిపించింది. ఇంకో సుబూత్ నేలలోనే ఉంది. పాతకాలం నీళ్ళ పైపు దారి మధ్యగా ఒకే వరుసలో వెళ్ళేది. ఆ పైపు పోయిన గీతే రాస్ దారికి నడుము. దాన్ని పట్టుకుని వెళ్ళారు. దాదాపు 35 ఎకరాల పచ్చగడ్డి పీకేశారు. ఇసుక మళ్ళీ పైకి వచ్చింది. నీటి వాడకం బాగా తగ్గింది. 2014లో మగవాళ్ళ యూఎస్ ఓపెన్, ఆ మరుసటి వారమే ఆడవాళ్ళ యూఎస్ ఓపెన్ అక్కడే ఆడించారు. టీవీలో చూసిన కొందరు "ఇదేం గోల్ఫ్ మైదానం, ఎండిపోయి గోధుమ రంగులో ఉంది" అని ఫిర్యాద్ కూడా చేశారట.

నాకు ఇందులో నచ్చింది ఆ పైపు. పుస్తకాల్లో లేని నక్షా నేలలో దొరికింది. ఇంకోటి కూడా ఉంది. వాళ్ళు 1907కి వెళ్ళలేదు. రాస్ బతికున్నంత కాలం మార్చుతూ పోయాడు కాబట్టి "మొదటి రోజు" నక్షా వాళ్ళకు అక్కర్లేదు. ఆయన చేతి చివరి పనితనం కావాలి. అందుకే 1943. అసలు అంటే మొదటిది అని మనం అనుకుంటాం. వాళ్ళు ఒక సాల్‌ని ఎంచుకున్నారు. ఎంచుకోవడం అంటే దానికి ముందున్నదాన్నీ, తర్వాత వచ్చినదాన్నీ వదులుకోవడమే.

ఇక్కడ గోల్కొండకు వస్తాను.

1656లో ఔరంగజేబ్ గోల్కొండ మీదికి వచ్చాడు. అప్పటికి బాద్‌షా కాదు, షాజహాన్ తరఫున దక్కన్ సూబేదార్. ముహాసరా కొన్నాళ్ళకు సుల్హ్‌తో ముగిసింది. అబ్దుల్లా ఖుతుబ్ షా కూతురిని ఔరంగజేబ్ కొడుకు ముహమ్మద్ సుల్తాన్‌కి ఇచ్చి నికా చేశారు. ముట్టడి అప్పుడు కోట బలహీనత ఎక్కడుందో తెలిసొచ్చింది. గోడకు బయట ఈశాన్యాన ఎత్తు నేల ఉంది, అక్కడ తోపులు పెడితే కోటకు ముప్పు. అబ్దుల్లా ఖుతుబ్ షా ఆ నేలను కూడా కలుపుకుని కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. మూడు దశాబ్దాలకు, 1687లో, ఔరంగజేబ్ మళ్ళీ వచ్చి ఎనిమిది నెలలు కూర్చున్నాడు. కోట చివరికి గోడ కూలి పడలేదు. లోపలి మనిషి దర్వాజా తెరిచి ఇచ్చాడు. తారీఖ్‌లో ఇది మన బచ్చాలకు తప్పక చెప్పాల్సిన భాగం, కానీ ఇవాళ్టి మజ్మూన్ అది కాదు.

నయా ఖిల్లా లోపల ముల్లా ఖయాలీ మస్జిద్ ఉంది, దక్కనీ షాయిర్ పేరు మీద. దగ్గర్లో "హతియాఁ కా ఝాడ్". ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టు. దీన్నే మనవాళ్ళు గోరఖ్ ఇమ్లీ అంటారు. మొదలు చుట్టుకొలత 27 మీటర్లకు పైనే. పదిహేను మంది చేతులు చాచి చేయి చేయి పట్టుకున్నా చుట్టు పూర్తి కాదు. లోపల బోలు ఉంది, మనుషులు పట్టేంత. అరబ్ తాజిర్లు ఖుతుబ్ షాహీలకు తొహ్ఫాగా తెచ్చారని రివాయత్. నాలుగు వందల ఏళ్ళ పైబడిన చెట్టు. హైదరాబాద్ నగరం కన్నా కాస్త చిన్నదో, కాస్త పెద్దదో. ఆ చెట్టుకు మాట వస్తే దక్కన్ తారీఖ్ మొత్తం రాయించుకోవచ్చు.

ఈ నయా ఖిల్లాలోనే గోల్ఫ్ మైదానం వచ్చింది. లోపల సాగు చేసుకునే రైతులు వద్దన్నారు, విరాసత్ కోసం కొట్లాడే సంఘాలు వద్దన్నాయి, అయినా వచ్చింది. ఇప్పుడు ఆ చెట్టు దగ్గరికి, మస్జిద్ దగ్గరికి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళే వీలు లేదు, రాకపోకలకు పాబందీ ఉంది. గోల్ఫ్ ఆడేవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఖేల్ ఖేలే. బచావత్ కూడా ఒకందుకు జరిగిందని కొందరు వాదిస్తారు. ఆ మైదానం లేకపోతే ఈపాటికి అక్కడ అపార్ట్‌మెంట్లు లేచేవని. కోట చుట్టుపక్కల జరిగిన కబ్జాలు చూస్తే ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ విరాసత్‌ను కాపాడటానికి మనకు దొరికిన ఏకైక దారి దాని మీద గడ్డి పరిచి గేటు పెట్టడమేనా? ఈ సవాల్‌కు నాకు సంతృప్తి ఇచ్చే జవాబ్ ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

2014 తర్వాత ఆర్కియలాజికల్ సర్వే వాళ్ళు నయా ఖిల్లాలోని బాగ్‌లో తవ్వకాలు చేశారు. తవ్వే ముందు నేల లోపల ఏముందో రాడార్‌తో చూడటానికి మద్రాస్ ఐఐటీ వాళ్ళ సాయం తీసుకున్నారు. మట్టి తీసేకొద్దీ నీటి కాలువలు, మట్టి తేరుకునే తొట్లు, నడక దారులు, ఫవ్వారాలు బయటపడ్డాయి. నేల వాలుతోనే నీటిని నడిపించిన ఇంతెజామ్ అది. గోడ కట్టింది తోపులకు భయపడి. గోడ లోపల మాత్రం ఫవ్వారాలు పెట్టుకున్నారు. ఖుతుబ్ షాహీలు అలాంటి వాళ్ళు.

పైన్‌హర్స్ట్‌లో భూమిలోని పైపు గోల్ఫ్ మైదానం అసలు నక్షా చెప్పింది. నయా ఖిల్లాలో కూడా భూమిలోని కాలువ నక్షా చెబుతోంది. అక్కడ అది "నేను గోల్ఫ్ మైదానాన్ని" అంది. ఇక్కడ "నేను బాగ్‌ని" అంటోంది. రేపు ఎవరైనా ఈ మైదానాన్ని అసలు రూపానికి తెద్దాం అంటే ఎక్కడ ఆగాలి? గోల్ఫ్ ముందు పొలాలు ఉన్నాయి. పొలాల ముందు బాగ్ ఉంది. గోడ కట్టక ముందు అది ఉత్త ఎత్తు నేల. రైతు తన తాతల కాలం నుంచి దున్నిన పొలం విరాసత్ కాదా? ఫవ్వారా రాయికి ఉన్న ఇజ్జత్ నాగలి చాలుకు ఉండదు. ఫవ్వారాను ఫోటో తీయొచ్చు, చాలును తీయలేం, అదొక్కటే తేడా.

1964లో వెనిస్‌లో ప్రపంచంలోని నిపుణులంతా కూర్చుని పాత కట్టడాల మరమ్మత్‌కు కొన్ని ఉసూల్ రాసుకున్నారు. వాటిలో రెండు మనకు పనికొస్తాయి. ఒకటి, అంచనా మొదలైన చోట మరమ్మత్ ఆగిపోవాలి. సుబూత్ లేకుండా ఊహించి కట్టకూడదు. రెండు, ఒక ఇమారత్‌లో వేర్వేరు కాలాల్లో చేరిన మంచి పనిని గౌరవించాలి. అంతా ఒకే కాలంలా కనిపించాలని మిగతావి చెరిపేయడం లక్ష్యం కాకూడదు. చదవడానికి తేలిక. ఏది మంచి పని, ఏది చెత్త అని తేల్చేదగ్గరే కష్టం. రేకుల షెడ్డు చెత్త అని అందరం ఒప్పుకుంటాం. మరి ఎవరో కాతిబ్ చేత్తో రాసిన ఉర్దూ బోర్డు?

ఖుతుబ్ షాహీ గుంబదుల దగ్గర ఈ పని ఓపిగ్గా జరిగింది. 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్ళు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశారు. 106 ఎకరాలు. ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంట్‌ను గీకి తీసి మళ్ళీ సున్నం గచ్చు వేశారు. 2013 వానలకు కూలిన బడీ బావోలీని లేపి నిలబెట్టారు. ఆ ఆవరణలోని బావోలీల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే ఆ గుంబదులకు మరమ్మత్ అదే మొదటిసారి కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మొదటి సాలార్ జంగ్ వాటిని బాగు చేయించి, తోట వేయించి, చుట్టూ గోడ పెట్టించాడు. ఆయన చేయించిన పని కూడా ఇప్పుడు తారీఖే.

సున్నం గచ్చు అన్నాను కదా. పాత మేస్త్రీలు సున్నంలో సుర్ఖీతో పాటు బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు, మినప పిండి లాంటివి కలిపేవారు. గుంబదుల పనిలో కూడా ఆ పద్ధతే పట్టారు. సిమెంట్ గట్టిగా పట్టుకుని లోపలి తేమను బయటికి పోనివ్వదు, రాయి లోపల్లోపలే పాడవుతుంది. సున్నం గాలి పీలుస్తుంది. ఇది చదివిన రోజు అబ్బా గుర్తొచ్చారు. ఆయన జిందగీ అంతా బెల్లం లెక్కలే రాశారు. ఎన్ని మణుగులు, ఏ ఊరి సరుకు, ఎవరికి ఉధార్. ఆ బెల్లం టీలోకి, లడ్డూల్లోకి పోతుందనుకున్నాం గానీ, ఖుతుబ్ షాహీ గోడల్లోకి కూడా పోతుందని మాలో ఎవరికి తెలుసు?

మోజంజాహీ మార్కెట్ తర్వాత హుకూమత్‌కు ధైర్యం వచ్చింది. మీర్ ఆలం మండీ, సర్దార్ మహల్ లాంటి పేర్లు వినిపించాయి. ముర్గీ చౌక్‌లోని మహబూబ్ చౌక్ మార్కెట్‌కి మాత్రం వేరే ఫైసలా జరిగింది. మరమ్మత్ కాదు, పాతదాన్ని కూల్చి కొత్తగా కట్టడం. పక్కన 1892 నాటి గడియారం మినార్ నిలబడే ఉంది. పాత రూపంలా కనిపించే కొత్త ఇమారత్ కడితే అది విరాసతేనా అని అడిగితే, నా వరకు కాదు. అది నకల్. బాగా రాసిన నకల్ కావొచ్చు. కోర్టులో అసల్ అడిగితే నకల్ చూపించి ఒప్పించగలమా?

మళ్ళీ మా మార్కెట్‌కే వస్తాను. అక్కడ అసలు నక్షా అంటే 1935 అని తీసుకున్నారు. అది సరైనదే. కట్టడం ఒక్క చేత్తో, ఒక్క దఫాలో పూర్తయింది, సుబూత్ రాళ్ళలోనే ఉంది. ఇమారత్ అసలు రూపానికి వచ్చింది. మార్కెట్ వచ్చిందా? 1935లో అది పళ్ళ మార్కెట్. తెల్లవారుజామున బండ్లు, హమాలీలు, వేలం పాటలు, నలిగిన అరటి ఆకులు, ఈగలు. ఆ బండ్లు ఈ చౌరస్తాకు మళ్ళీ రావు, రావడం కుదరదు కూడా, ట్రాఫిక్ సంగతి మీకు తెలుసు. సెహన్‌లో ఇప్పుడు సాయంత్రాలు పాటల ప్రోగ్రాములు పెడుతున్నారు, ఫోటోలు దిగే జంటలు వస్తున్నారు. ఐస్‌క్రీమ్ దుకాణాల వాళ్ళు అక్కడే ఉన్నారు, అల్‌హందులిల్లాహ్. అది చిన్న విషయం కాదు. ఊళ్ళో ఎన్నో చోట్ల బాగు చేయడం అంటే ముందు కిరాయిదార్లను ఖాళీ చేయించడం. ఇక్కడ దుకాణాలు నడుస్తుండగానే పని జరిగింది. తాతల నుంచి పోతాలకు దిగిన దుకాణాలు ఒక ఇమారత్‌కు ప్రాణం, మినార్‌తో సమానం. ఆ మాటకొస్తే నా ఓటు మినార్ కన్నా వాటికే. గడియారం ఆగిన ఏళ్ళల్లో ఆ మార్కెట్‌ని నిలబెట్టింది వాళ్ళే.

1912, 1915 మధ్య లియోనార్డ్ మన్ అనే ఇంజనీర్ ఆధ్వర్యంలో హైదరాబాద్ మొత్తాన్ని సర్వే చేసి వివరమైన నక్షాలు తయారు చేశారు. గల్లీ గల్లీ, బావి బావి, మస్జిద్ మస్జిద్. ఆ నక్షాల్లో మోజంజాహీ మార్కెట్ ఉండదు. అది పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళు ఉంది. ఊరు అప్పట్లో ఎలా ఉందో సర్కారీ కాగజ్ మీద మనకు మిగిలింది అది. తర్వాతి కాలానికి? పళ్ళ మార్కెట్ ఉన్న రోజులకు? బోర్డులు ఏ భాషల్లో ఉండేవి, సెహన్‌లో ఎవరు ఎక్కడ కూర్చునేవారు, జాంబాగ్ పూల బుట్టలు ఎక్కడ దించేవారు అనేదానికి? విమానం నుంచి తీసిన ఫోటో పైన్‌హర్స్ట్‌కి ఉన్నట్టు మనకు ఏముంది?

మా ఇంట్లో ఒకటి ఉంది. అమ్మీ ట్రంకు పెట్టెలో, నికానామా పక్కన. 1974. అబ్బా, ఆయన దోస్త్ ఇద్దరూ బెల్‌బాటమ్ పాంట్లలో మార్కెట్ ముందు నిలబడి ఉన్నారు. ఇన్నేళ్ళూ మేం ఆ పాంట్లు చూసి నవ్వుకున్నాం, వెనక ఏముందో చూడలేదు. మొన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. వెనక మెహ్రాబ్‌కి పైన రాయి రాయిగానే కనిపిస్తోంది, రంగు లేదు. పక్కన సంత్రాల గుట్ట. దుకాణం మీద చెక్క బోర్డు, ఉర్దూ అక్షరాలు సగం వరకు చదవొచ్చు, మిగతా సగానికి అబ్బా భుజం అడ్డం.

మీ ఇళ్ళల్లో కూడా ఉంటాయి. షాదీ బట్టలు కొనడానికి ఆబిడ్స్ వచ్చినప్పుడో, నాంపల్లి స్టేషన్‌లో హజ్‌కు వెళ్ళేవాళ్ళను సాగనంపినప్పుడో, గోల్కొండ పిక్నిక్‌లో ఆ బావోబాబ్ చెట్టు బోలులో బచ్చాలంతా దూరి దిగినదో. నయా ఖిల్లా లోపలికి గేటు లేని రోజుల్లో తీసిన ఫోటో ఒక్కటి ఉన్నా దాని వెనక పెన్సిల్‌తో సాల్, జగహ్ రాసి పెట్టండి. బాల్‌పెన్ వద్దు, సిరా ముందు వైపుకు దిగుతుంది. ఫోటోలో ఉన్న బుజుర్గులు ఇంకా హయాత్ ఉంటే ఈ ఐతవారమే కూర్చోబెట్టి, ముఖాల సంగతి తర్వాత, వెనక కనిపించేది ఏంటో అడగండి. అబ్బా దోస్త్‌ని నేను అడిగాను. ఎనభై దాటిన మనిషి, ఫోటోని కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి ఆ బోర్డు మీద అబ్బా భుజం దాచిన సగం పేరు చెప్పాడు.